తాళంచెవి ఎవరి దగ్గర? ఒక బస్తీలో బడినీ కమ్యూనిటీ హాలునూ కలిపి కట్టిన అనుభవం

మొదటి సమావేశంలో అందరూ "బాగుంది మేడమ్" అన్నారు. ఆ మాట విని సంతోషపడ్డాను చూడండి, ఈ వృత్తిలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దానిదే మొదటి స్థానం.

థర్మాకోల్‌తో చేసిన నమూనాను బల్ల మీద పెట్టాం. చిన్న చిన్న చెట్లు, కిటికీలు, ఎర్రరంగు మెట్లు. నలభై మంది చుట్టూ నిలబడి చూశారు. పెద్దమనుషులు ముందు, కుర్రాళ్లు పక్కన, ఆడవాళ్లు నలుగురే, అదీ గుమ్మం దగ్గర. ఒకాయన "ఇది ఎంత పెద్దగా వస్తుంది?" అని అడిగాడు. చెప్పాను. "బాగుంది" అన్నాడు. ఇంకో ఆయన దాతల పేర్ల రాయి ఎక్కడ పెడతారని అడిగాడు. టీ తాగారు, వెళ్లిపోయారు. ఆడవాళ్లు ఎందుకు రాలేదో వారం తర్వాత తెలిసింది. మేం పెట్టుకున్నది నల్లా రోజు. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే వీధిలో, సరిగ్గా నల్లా వదిలే వేళకు సమావేశం పెట్టి, ఆడవాళ్లు రాలేదని నోట్‌బుక్‌లో రాసుకున్న ఆర్కిటెక్టును నేను.

హైదరాబాద్‌లో అంబర్‌పేట దాటాక మూసీ వైపు దిగే బస్తీల్లో అదొకటి. పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇది చదివితే గుర్తుపడతారు, మిగతావాళ్లకు పేరుతో పని లేదు. స్థలం పన్నెండు వందల చదరపు గజాలు. ముందు బస్సులు తిరిగే రోడ్డు, పక్కన సందు, వెనుక నాలా. అందులో నాలుగు రేకుల గదులు, ఒక బోరు, ఒక వేపచెట్టు, దాని చుట్టూ అరుగు. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా రెండు వందల పైచిలుకు పిల్లలు. కాగితం మీద ఆంగ్ల మాధ్యమం. పిల్లల నోట తెలుగు, దక్కనీ ఉర్దూ, మేస్త్రీ పనులకు వలస వచ్చిన కుటుంబాల హిందీ. ఒక దాతృత్వ సంస్థ బడి కట్టిస్తామని ముందుకొచ్చింది. బస్తీ పెద్దలు, బడి ఎలాగూ కడుతున్నారు, మాకు హాలు కూడా కావాలన్నారు. పెళ్లయినా చావయినా రోడ్డు మీద షామియానా వేసుకోవడం తప్ప వాళ్లకు మరో చోటు లేదు. ఉన్నది ఒక్కటే జాగా. కలిపి కట్టడమనే ఆలోచన ఏ సిద్ధాంతం నుంచీ పుట్టలేదు, గజాల లెక్క నుంచి పుట్టింది.

సిద్ధాంతం లేకపోలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిషైర్‌లో హెన్రీ మోరిస్ అనే విద్యాధికారి ఊరి బడీ, ఊరి గ్రంథాలయమూ, పెద్దల తరగతులూ ఒకే ఆవరణలో ఉండాలని పట్టుబట్టి 1930లో సాస్టన్‌లో మొదటి విలేజ్ కాలేజీ తెరిపించాడు. తర్వాత ఇంపింగ్టన్‌లో కట్టిన దానికి నమూనా గీసినవాళ్లలో పేరున్న జర్మన్ ఆర్కిటెక్టు వాల్టర్ గ్రోపియస్ ఒకడు. ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఇది పాఠంగా చెబుతారు. మన దగ్గర వీధిబడి ఎవరి అరుగు మీదో, గుడి మండపంలోనో నడిచిందన్న సంగతి మాత్రం పాఠంలో ఉండదు. పొద్దున అక్షరాలు దిద్దిన అరుగు మీదే సాయంత్రం పురాణ కాలక్షేపం, రాత్రి పంచాయితీ. బడికి గోడ కట్టి, గోడకు గేటు పెట్టి, గేటుకు తాళం వేయడం ఆ తర్వాత వచ్చిన అలవాటు. బస్తీలవాళ్లను కూర్చోబెట్టి పనులు చేయించడం కూడా హైదరాబాద్‌కు కొత్త కాదు. పట్టణ సమాజాభివృద్ధి పథకం ఇక్కడ 1967లోనే మొదలైంది.

ఇక మా పని.

ముగ్గుపిండితో గీసిన బడి

థర్మాకోల్ నమూనాను ఆఫీసు అటక మీదికి పంపాక మాకు మిగిలిన ప్రశ్న ఒకటే. ప్లాను చదవడం రాని మనిషికి గది ఎంత ఉంటుందో ఎలా చూపించాలి? జవాబు మా మేస్త్రీ దగ్గర దొరికింది. పునాది తవ్వే ముందు ఆయన సున్నంతో నేల మీద గీతలు గీస్తాడు. ఆ పనే ఆరు నెలలు ముందు చేస్తే సరిపోతుంది కదా అన్నాడు. దసరా సెలవుల్లో, పిల్లలు లేని ఖాళీ ఆవరణలో, అసలు కొలతల్లో బడి మొత్తం గీశాం. సున్నం చాలకపోతే ఆడవాళ్లు ఇళ్ల నుంచి ముగ్గుపిండి తెచ్చారు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడినవాళ్లు మొదటిసారి మైదానం మధ్యకు వచ్చారు. ముగ్గు వేసే చేతికి గీత వంకర పోదు. మా జూనియర్ గీసిన గోడను ఒకామె చెరిపి మళ్లీ గీసింది.

గీతలు పూర్తయ్యాక గదుల్లో నడిచారు. గోడలు లేకపోయినా గుమ్మం ఉన్నచోట నుంచే లోపలికి వచ్చారు, ఒక్కరూ గీత దాటి అడ్డంగా రాలేదు. తరగతి గదిలో కింద కూర్చుని చూశారు. ఊతకర్రతో నడిచే ఒక ముసలాయన గేటు నుంచి హాలు దాకా నడిచి, మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆగినచోట్ల రాయి పెట్టించుకున్నాం. ఇప్పుడు ఆ రెండు చోట్లా బెంచీలు ఉన్నాయి.

అసలు సంగతి హాలు దగ్గర బయటపడింది. నేను గీసినది 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. ఎక్కడి నుంచి తెచ్చానో చెబుతాను. నిజం ఏమిటంటే అంతకు ముందు చేసిన ఇంకో హాలు నుంచి. పెళ్లిళ్లకు వంటలు చేసే ఒకాయన వచ్చి, బంతి వేసి చూద్దామన్నాడు. నాలుగు వరుసలుగా మనుషులను కూర్చోబెట్టాడు, రెండేసి వరుసలు ఎదురెదురుగా. మనిషి కూర్చోవడానికి రెండు అడుగులు, ముందు విస్తరికి అడుగున్నర, మధ్యలో వడ్డించేవాళ్లు నడవడానికి మూడు అడుగులు, మళ్లీ అడుగున్నర విస్తరి, రెండు అడుగుల మనిషి. పది అడుగులు. అలాంటివి రెండు కలిపితే ఇరవై. ఇక మిగిలింది నాలుగే అడుగులు. "వెనక్కి తిరిగి లేచేవాడు ఎటు పోవాలి మేడమ్, గోడలోకా?" అన్నాడు. గోడల పక్కన రెండేసి అడుగులు, రెండు బంతుల వీపుల మధ్య మూడు అడుగులు కావాలి. ఇరవై ఏడు.

మా స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఈ లెక్క చెబితే మొహం చిట్లించాడు. మూడు అడుగులు పెరిగితే దూలం లోతు పెరుగుతుంది, ఇనుము పెరుగుతుంది. నిజమే, పెరిగింది. హాలు పైన తరగతి గదులు వేద్దామన్న ఆలోచన కూడా అక్కడే పోయింది. పెద్ద గది మీద బరువు మోయించడం ఖర్చు, పైగా కింద బాజాలు మోగుతుంటే పైన పాఠాలు సాగవు. బడి వేరుగా రెండంతస్తులు, హాలు వేరుగా ఒక్క అంతస్తు, మధ్యలో వేపచెట్టు. ప్లాను ఆకారం వచ్చింది ఆ బంతి భోజనాల లెక్కలోంచే. రోజూ మధ్యాహ్నం ఆ హాలులో పిల్లలు కూర్చునేదీ అవే వరుసల్లో. పిల్లకు అడుగున్నర చొప్పున వరుసకు ఇరవై ఆరు మంది, నాలుగు వరుసలకు నూట నాలుగు. రెండు బంతుల్లో బడి మొత్తం తినేస్తుంది.

గంజి ఎక్కడ వార్చాలి?

వంటగది గురించి విడిగా చెప్పాలి, నాకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు అక్కడే కలిగింది కాబట్టి.

మధ్యాహ్న భోజనం వండే ఆమె పదేళ్లుగా అదే బడిలో వండుతోంది. వంటగది బొమ్మను ఆమె ముందు పరిచాను. రెండు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తులో గ్రానైట్ గట్టు, దాని మీద పొయ్యిలు, పక్కన సింకు. ఆమె కాసేపు చూసి, "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు మేడమ్?" అంది. ఎక్కువగా నేనే అన్నాను. "ఎంతమందికి?" ముగ్గురికి. ఆమె ఏమీ అనలేదు. మూల ఉన్న గుండిగను తెచ్చి బల్ల మీద పెట్టింది. అంచు ఆమె గడ్డం దాకా వచ్చింది. చీపురు తిరగేసి గరిటెలా పట్టుకుని కలిపి చూపించింది. మోచేతులు చెవుల దాకా లేచాయి. తర్వాత గుండిగను దించి ఇటుకల మీద పెట్టి, కాస్త వంగి, వీపు బలంతో కలిపింది. "ఇంత ఎత్తు చాలు" అంది. కొలిస్తే అడుగు.

అంతటితో ఆగలేదు. "గంజి ఎక్కడ వార్చాలి?" అని అడిగింది. నా బొమ్మలో సింకు ఉంది. యాభై మంది అన్నం ఉడికిన గుండిగను ఎత్తి సింకులో ఎవరు ఒంపుతారు? ఆమె ఇన్నేళ్లూ చేస్తున్నది ఏమిటంటే, గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, మూతకు గుడ్డ చుట్టి, మెట్టు అంచుకు ఆనించి వంచడం. రెండుసార్లు కాళ్లు కాలాయి. వంటిళ్ల కొలతల పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. ఒక్కదానిలోనూ గంజి వార్చే చోటు లేదు. పొయ్యి గట్టుకు ఆనుకుని నేల మట్టంలో వాలుగా ఒక రాతి తొట్టి, దానికి ఇనుప చువ్వల మూత, గుండిగ అంచు ఆనడానికి ఒక గుండ్రటి కమ్మీ, తొట్టి చివర బకెట్ పెట్టే గుంట. ఈ నాలుగింటినీ ఆమె చెబుతుంటే నేను గీశాను. ఆ గంజిని సందులో గేదెలున్న ఇంటివాళ్లు తీసుకుపోతారు. నాలాలోకి పోదు.

పెళ్లి వంటలకు ఈ వంటగది ఇవ్వనని ఆమే తేల్చి చెప్పింది. ఆ వంటల పద్ధతి వేరు, కట్టెల పొయ్యిలు వేరు, మాంసం ఉంటుంది. పైగా తన గుండిగలు ఒకసారి బయటికి వెళితే సొట్టలతో తిరిగొస్తాయి. కాబట్టి హాలు వెనుక, గాలి వాలు చూసుకుని, రేకుల కప్పుతో తెరిచిన వంటల షెడ్డు విడిగా వేశాం. ఖర్చు స్వల్పం. అది లేకపోతే ఈపాటికి వంటగది తలుపు విరిగి ఉండేది.

నీటి గుర్తు

నేల ఎత్తును మా సర్వేయరు రోడ్డు మట్టం నుంచి తీశాడు. దాన్నిబట్టి అడుగున్నర ఎత్తులో పునాది మట్టం నిర్ణయించి ముందుకు వెళ్లిపోయాం. నాలా పక్కింటి అవ్వ ఒకరోజు మా జూనియర్‌ను పిలిచి, తన ఇంట్లో బీరువా జరిపి వెనుక గోడ చూపించింది. నడుము ఎత్తులో గోధుమరంగు గీత. 2020 అక్టోబరు 13 రాత్రి నీళ్లు అక్కడి దాకా వచ్చాయి. ఆ రోజు నగర శివార్లలోని ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. చెరువులు తెగాయి, నాలాలు పొంగాయి. ఇల్లంతా రంగులు వేయించినప్పుడు కూడా బీరువా వెనుక భాగాన్ని అవ్వ అలాగే ఉంచేసింది. ఎందుకని అడిగితే, మళ్లీ వస్తే ఎంత వచ్చిందో చూసుకోవడానికట.

మూసీ 1908 సెప్టెంబరు 28న పొంగినప్పుడు జనం ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం తన వరదను చెట్టులో గుర్తుపెట్టుకుంది, అవ్వ బీరువా వెనుక గుర్తుపెట్టుకుంది. మా సర్వే కాగితంలో మాత్రం లేదు.

అవ్వ గోడ మీది గీతను నీటిగొట్టం మట్టంతో బడి స్థలం దాకా తెచ్చి చూసుకున్నాం. నీళ్లతో నింపిన పారదర్శక గొట్టాన్ని ఇద్దరు చెరో చివర పట్టుకోవడమే, ఏ మేస్త్రీకైనా తెలిసిన పని. మా అడుగున్నర పునాది మునిగిపోతుంది. మూడు అడుగులు కావాలి. మూడు అడుగులు లేపగానే ఇంకో చిక్కు వచ్చింది. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపుకు ఒకటికి పన్నెండు వాలు. అంటే 36 అడుగుల ర్యాంపు. అంత పొడవు ఎక్కడ పెట్టాలి? నాలుగు రకాలుగా గీసి నాలుగూ చించాం. చివరికి వేపచెట్టు అరుగును చుట్టుకుంటూ, మధ్యలో ఒక మలుపు చదునుతో ఎక్కించాం. ఇప్పుడు అరుగు కింది నుంచి పై దాకా మూడు మట్టాల్లో ఉంటుంది. ముసలివాళ్లు పొద్దున ఒక మట్టంలో, ఇంటి గంట కొట్టాక పిల్లలు ఇంకో మట్టంలో. ఈ ప్రాజెక్టులో ఎవరైనా ఫొటో తీసేది ఆ ర్యాంపునే. దాని రూపకర్త బీరువా జరిపిన అవ్వ అని ఫొటోలో తెలియదు.

చావు, చదువు, తాళం

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు. మంచి ఏర్పాటే. అయితే బడిలో పిల్లలు లేని ఇళ్లకు అందులో చోటు లేదు. ముసలివాళ్లు, పెళ్లికాని కుర్రాళ్లు, ప్రైవేటు బడికి పంపేవాళ్లు అందరూ బయటే. హాలు కావాలని గట్టిగా అడిగింది వీళ్లే. అందుకని ఆ కమిటీ నుంచి ఆరుగురు, బస్తీ నుంచి ఆరుగురు కలిసి కూర్చునేట్టు ఏర్పాటు చేశాం. మా ఆఫీసు నుంచి ఇద్దరం, ఓటు లేకుండా. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ 1969లో ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీసింది. కింది మెట్ల మీద జనాన్ని మభ్యపెట్టడం, పై మెట్టు మీద జనం చేతికే అధికారం. థర్మాకోల్ రోజున మేం ఏ మెట్టు మీద ఉన్నామో చెప్పనక్కర్లేదు. ఈ పన్నెండు మంది కూర్చున్నాక కనీసం మాకు తిట్లు పడే మెట్టు దాకా ఎక్కాం.

తిట్లు నిజంగానే పడ్డాయి, దినం భోజనాల విషయంలో. బస్తీవాళ్లకు హాలు పెళ్లిళ్ల కన్నా చావులకే ఎక్కువ అవసరం. మేం ఊహించనిది అదే. పెళ్లికి డబ్బు కూడబెట్టుకుని ఎక్కడో ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటారు, ముందే తెలుస్తుంది కాబట్టి. చావు చెప్పి రాదు. ఇరుకు ఇంటి ముందు, సందులో, వానలో శవాన్ని పెట్టుకుని కూర్చోవాలి. పెద్దకర్మ నాడు, ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజున జరిపే చెహలుం నాడు రెండు మూడు వందల మందికి అన్నం పెట్టాలి. బడి హెచ్‌ఎం మేడమ్ అందుకు ససేమిరా అన్నారు. పిల్లలు అన్నం తినే చోట శవమా? తల్లుల్లో సగం మంది ఆమె వైపు. మిగతా సగం మంది, మా అత్త పోయినప్పుడు మీరు వచ్చి చూశారా, ఎక్కడ కూర్చోబెట్టామో, అన్నారు. మూడు వారాలు ఇదే. ఆర్కిటెక్టుగా నేను చేయగలిగింది ఏమీ లేదనిపించింది. ఇది గోడల సంగతి కాదు, మనసుల సంగతి.

దారి చూపింది ఉర్దూ సెక్షన్‌లో పిల్లలున్న ఒక దర్జీ. గది సంగతి తర్వాత, ముందు గడియారం గీయండి అన్నాడు. వారం రోజులనూ నిలువు గళ్లుగా, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంటలను అడ్డ గళ్లుగా ఒక పెద్ద కాగితం మీద గీసి గోడకు అంటించాం. ఎవరికి ఏ చోటు ఏ గంటలో కావాలో రంగు బొట్లు పెట్టమన్నాం. ఆ కాగితం నిండాక గొడవలో ముప్పావు వంతు కరిగిపోయింది. బడి ఉన్నది తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా, ఆదివారాలు లేవు, వేసవిలో లేదు. బస్తీకి కావలసినవి ఎక్కువగా సాయంత్రాలు, ఆదివారాలు. రెండు రంగులూ ఒకే గడిలో పడింది చాలా తక్కువ చోట్ల. పని రోజున వచ్చే చావు వాటిలో ఒకటి.

అప్పుడు గోడలు గీశాం, లేదా తాళాలు గీశామనాలి. మొదటి తాళం లోపల బడి: తరగతి గదులు, ఆఫీసు, పిల్లల మరుగుదొడ్లు. దాని గేటు సందులోకి. రెండో తాళం లోపల ఇద్దరివీ: హాలు, చదువుల గది, మధ్య వాకిలి. మూడో భాగానికి తాళమే లేదు: రోడ్డు వైపు లోతైన వసారా, మంచినీళ్లు, అరుగు, పెద్దలకు వేరుగా రెండు మరుగుదొడ్లు. ఒకదానికీ ఒకదానికీ మధ్య మడతపెట్టే ఇనుప గ్రిల్ గేట్లు. బడి నడిచే గంటల్లో రోడ్డు వైపు నుంచి వచ్చిన మనిషి వసారా దాటి పిల్లల వైపు రాలేడు. శవాన్ని వసారాలో ఉంచవచ్చు. అక్కడ ప్రత్యేకంగా కుళాయి ఉంది, నేల కడిగితే నీళ్లు విడిగా పోతాయి, బడి వైపు కిటికీ లేదు. హాలులోకి శవం రాదు, పెద్దకర్మ భోజనాలు రావచ్చు. హెచ్‌ఎం మేడమ్ ఒప్పుకున్నారు. ఇష్టంగా అని చెప్పలేను.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఎలాగూ చెబుతున్నాయి. బస్తీ కమిటీ దానికి ఇంకోటి చేర్చింది. పరీక్షల నెల మార్చిలో పని రోజుల్లో హాలు ఎవరికీ ఇవ్వరు. ఇది మేం అడిగింది కాదు.

ఆ పన్నెండు మందిలో లేనివాళ్ల మాట కూడా ఒకటి చెప్పాలి. ఆరో తరగతి ఆడపిల్లలను బడి బొమ్మ గీసి, ఇష్టంలేని చోట నల్లరంగు వేయమన్నాం. అందరూ మరుగుదొడ్డికే వేశారు. వాసన వల్ల అనుకున్నాను. ఒక పిల్ల మా జూనియర్ చెవిలో చెప్పింది, గడియ పడదని. ఒకరు లోపల ఉంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలట. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారట. కొత్త వాటిలో గడియలు గట్టివి, పిల్లల చేతికి అందే ఎత్తులో. చేతులు కడుక్కునే తొట్లు బయట, అందరికీ కనబడే చోట. తలుపులు గేటు వైపు తెరుచుకోవు. ఇది డిజైన్ అనిపించుకునేంత పెద్ద సంగతి కాదు. కానీ పాత బడిలో మరుగుదొడ్ల సంఖ్య నియమం ప్రకారం సరిపోయే ఉంది, లెక్కలో ఏ లోపమూ లేదు.

ఫైలు ప్రయాణం, నేను కాదన్నవి

అనుమతుల కథ పొట్టిగా చెబుతాను. ఇది బడా, కమ్యూనిటీ హాలా అని ఒక కార్యాలయంలో అడిగారు. రెండూ అన్నాం. రెండూ అయితే ఏ పద్దు కిందికి వస్తుందో తేలక ఫైలు అక్కడే కూర్చుంది. 2022లో వచ్చిన మన ఊరు మన బడి, నగరంలో మన బస్తీ మన బడి, కార్యక్రమం పన్నెండు రకాల పనుల జాబితా ఇచ్చింది. అందులో వంటషెడ్డు ఉంది, ప్రహరీ ఉంది, ఉన్నత పాఠశాలలకు భోజనశాల ఉంది. బడి గదిని బస్తీ వాడుకోవడమనే గడి లేదు. చివరికి అనుభవమున్న ఒక గుమాస్తా మా చేత బొమ్మ మీద "హాలు" అన్నచోటల్లా "భోజనశాల" అని రాయించాడు. గోడలు అవే, కొలతలు అవే. ఫైలు కదిలింది.

జనం అడిగినవన్నీ చేశామనుకోవద్దు. గాజుపెంకులు గుచ్చిన ఎనిమిది అడుగుల ప్రహరీ కావాలన్నారు. రోడ్డు వైపు మూడు అడుగుల గోడ, దాని పైన గ్రిల్ చాలన్నాను. లోపల ఏం జరుగుతోందో వీధికి కనబడటమే పిల్లలకు ఎక్కువ రక్షణ. మెరిసే వెట్రిఫైడ్ పలకలు కావాలన్నారు. ఒక పలకనూ ఒక తాండూరు బండనూ పక్కపక్కన పరిచి, నీళ్లు పోసి, నడవమన్నాం. కుర్రాడొకడు మొదటి దాని మీద కాలు జారాడు, చర్చ అయిపోయింది. కంప్యూటర్ గదికి ఏసీ అన్నారు, దానికీ కాదన్నాను. పైకప్పు మీద విరిగిన తెల్ల పింగాణీ ముక్కలు పరిచి, కిటికీలు ఉత్తర దక్షిణాలకే పెట్టి, పడమర గోడను మూసేశాం. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఎండను తిప్పికొట్టే పైకప్పుల కోసం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి తెల్లకప్పు గురించి ఒప్పించడం కాస్త తేలికైంది. ఒంటిపూట బడుల రోజుల్లో పై అంతస్తు గదులు భరించగలిగేట్టే ఉంటున్నాయి. చల్లగా ఉంటాయని చెప్పను.

కట్టాక

తెరిచిన ఏడాదికి మళ్లీ వెళ్లి లోపాలు రాసుకున్నాం. జాలీ ఇటుకల గోడ అందంగా ఉంది, పావురాలకు కూడా అలాగే అనిపించింది. హాలంతా రెట్టలు. వల కొట్టించాం, అందం పోయింది. కరెంటు మీటరు ఒక్కటే పెట్టి నేను పెద్ద తప్పు చేశాను. నాలుగో నెలలో ఒక పెళ్లి దీపాల బిల్లు బడి ఖాతాలో పడి, రెండు కమిటీలూ మాట్లాడుకోవడం మానేశాయి. గడియారం కాగితం మీద ఎవరు ఎప్పుడు వాడతారో రాసుకున్నాం గానీ, వాడినదానికి ఎవరు కడతారో రాసుకోలేదు. ఇప్పుడు హాలుకు విడిగా ఒక మీటరు ఉంది. ఆ ఖర్చు గీసేటప్పుడే పెట్టి ఉంటే పదోవంతుతో పోయేది.

చదువుల గదికి పెద్దలు పత్రికలు చదవడానికి వస్తారనుకున్నాం. ముగ్గురు వస్తారు. మిగతా చోటంతా ఇంట్లో చదువుకునే జాగా లేని పదో తరగతి పిల్లలు ఆక్రమించారు. ఈ బడి ఏడో తరగతి దాకానే, వాళ్లు ఎక్కడెక్కడి బడుల నుంచో వస్తారు. రాత్రి తొమ్మిదికి లైటు ఆపితే తిడతారు. కుట్టు తరగతులకని వేసిన ఆరు ప్లగ్గులూ ఫోన్ల చార్జింగుకు పనికొస్తున్నాయి. కుట్టు మిషన్లు ఇంకా రాలేదు. వసారా పక్కన పెద్దల మరుగుదొడ్లలో ఒకటి మూతబడి ఉంది. తాళం లేని చోటును శుభ్రం చేయడం ఎవరి పని అన్నది మా బొమ్మలో లేదు, కమిటీ పుస్తకంలోనూ లేదు.

హాలు తాళంచెవి మొదట బడి ఆఫీసులో ఉండేది, తర్వాత బస్తీ అధ్యక్షుడి ఇంట్లో. రెండు చోట్లా అడిగినప్పుడు దొరకలేదు. ఇప్పుడు వంట చేసే ఆమె కొంగున ఉంటోంది. పొద్దున అందరికన్నా ముందు వచ్చేదీ, ఇల్లు రెండు గుమ్మాల అవతలే ఉన్నదీ ఆమెదే. ఎవరూ నియమించలేదు.

మొన్న వల బిగించాక హాలు చూద్దామని వెళ్లాను. గంజి తొట్టి కడుగుతోంది. తాళంచెవి ఇమ్మన్నాను. చేతులు తుడుచుకుని, ముందు ఒక బౌండు పుస్తకం తెచ్చి ఇచ్చింది. తేదీ, పేరు, పని, తీసుకున్న వేళ, ఇచ్చిన వేళ. పై వరుసలో ఎవరిదో నామకరణం, దాని పైన యువకుల సంఘం మీటింగు, దాని పైన పెద్దకర్మ. నేను పేరు రాసి, పని అన్నచోట "చూడటానికి" అని రాశాను. ఆమె పుస్తకం తిప్పి చదివింది.

"వేళ కూడా వేయండి మేడమ్. పన్నెండున్నరకు పిల్లలు బంతికి వస్తారు, ఆలోపు ఇచ్చేయాలి."